ఫోను పెట్టె కాదు, బతుకు!



మన హాస్టళ్లలో చదివిన అన్నలు, అక్కలు ఓవర్సీస్ విద్యానిధి సాయంతో అమెరికా దాకా వెళ్తున్నారు. రేపు మీలో మరికొందరు వెళ్తారు. వీసా గురించి, ఫీజుల గురించి చెప్పేవారు చాలామందే ఉన్నారు. విమానం దిగాక అధికారి ఫోను అడిగి లాక్ తీయమంటే ఏమిటన్నది చెప్పేవారు తక్కువ. అందుకే మా ఈ నాలుగు మాటలు.

సరిహద్దులో సామాను తనిఖీ చేసే అధికారం ప్రతి దేశానికీ ఉంది. దాన్ని మేము కాదనడం లేదు. అయితే ఆ చట్టాలు పెట్టెల కోసం పుట్టినవి. పెట్టెలో పట్టేది నాలుగు జతల బట్టలు, ఒక పచ్చడి సీసా. ఫోనులో పట్టేది పదేళ్ల జీవితం. అమ్మ ఆసుపత్రి కాగితాలు, నాన్న బ్యాంకు పాస్‌బుక్కు ఫొటో, స్నేహితురాలు నమ్మి చెప్పుకున్న కష్టం అన్నీ అందులోనే. అది తెరిస్తే మన గుట్టే కాదు, ఊళ్లో ఉన్నవారి గుట్టూ బయటపడుతుంది. వారి అనుమతి ఎవరడిగారు?

అరెస్టయిన మనిషి ఫోను చూడాలన్నా పోలీసులకు సాధారణంగా వారంటు ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 2014లో రైలీ కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. కానీ సరిహద్దులో చేత్తో ఫోను చూసే మామూలు తనిఖీకి వారంటే కాదు, అనుమానం కూడా అక్కరలేదని 2021లో అక్కడి ఒక అప్పీలు కోర్టు అన్నది. నేరం మీద పట్టుబడినవాడికి ఉన్న రక్షణ చదువుకోవడానికి వచ్చినవాడికి లేదు! ఇదేమి న్యాయం?

2024లో లక్షమంది ప్రయాణికులకు పది, పదకొండు పరికరాలనే చూశారు, భయమెందుకని కొందరంటారు. నిజమే. కానీ 2015లో 8,500 దాకా ఉన్న ఈ తనిఖీలు 2024 నాటికి 47 వేలు దాటాయి. పైగా ఆ దేశ పౌరుడు లాక్ తీయనంటే ఫోను ఉంచుకుంటారేమో గానీ అతన్ని లోపలికి రానివ్వక తప్పదు. వీసా మీద వెళ్లినవాడిని వెనక్కి పంపగలరు. ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి వెళ్లిన మన పిల్లవాడు 'కాదు' అనగలడా? కాదనలేనివాడి ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు.

న్యూజిలాండ్ 2018 చట్టం పాస్‌వర్డ్ ఇవ్వనివారికి 5,000 డాలర్ల దాకా జరిమానా పెట్టింది. అయినా ముందు అధికారికి సహేతుకమైన అనుమానం ఉండాలన్నది. కారణం లేనిదే తనిఖీ లేదు, లోతుగా వెతకాలంటే న్యాయమూర్తి ఉత్తర్వు ఉండాలి. ఇదీ మేము కోరే న్యాయం. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కాబట్టి మన విమానాశ్రయాల్లోనూ ఇదే అడగాలి.

అంతవరకు, వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అవసరం లేనివి ఫోనులో మోసుకెళ్లకండి. అధికారికి అబద్ధం చెప్పకండి. ఫోను ఉంచుకుంటే రసీదు అడగండి. చదువు మనకు నేర్పిన మొదటి పాఠం ప్రశ్నించడం. సరిహద్దు దాటేటప్పుడు ఆ పాఠాన్ని ఇక్కడే వదిలి వెళ్లకండి.