‘ముఖ్యమైన నూనె’ అనవచ్చునా?



‘ఎసెన్షియల్ ఆయిల్’ అన్న మాటను జాలంలో పలువురు ‘ముఖ్యమైన నూనె’ అని తెనిగిస్తున్నారు. ఏళ్ళ తరబడి బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. ఇక్కడ ఎసెన్స్ అంటే సారం. నిమ్మగడ్డినో లవంగాన్నో ఆవిరిపట్టి దింపిన ఆ సారం కాగితం మీద వేస్తే ఎగిరిపోతుంది, నువ్వుల నూనెలా జిడ్డు మిగల్చదు. ‘సుగంధ తైలం’ అంటే చక్కగా సరిపోతుంది.

చెడేది భాష ఒక్కటే అయితే ఈ టపా రాయకపోదును. ఆ ‘ముఖ్యమైన నూనెల’ నానో ఎమల్షన్లు క్యాన్సర్‌ను నయం చేస్తాయన్న రాతలు ఇప్పుడు వస్తున్నాయి. నానో అన్నది గ్రీకులో మరుగుజ్జు. నీటితో కలవని తైలానికి సబ్బువంటి పదార్థాన్ని తోడుచేసి, సుమారు 20 నుండి 200 నానోమీటర్ల బిందువులుగా చిదిమితే, పాలలో వెన్నలాగా నీటిలో నిలుస్తుంది. తలవెంట్రుక మందం ఇంచుమించు 80 వేల నానోమీటర్లు. అంత సూక్ష్మమైతే తైలం చెడిపోక, కణంలోనికి సులువుగా చేరుతుందని పరిశోధకుల ఆశ. గాజుపాత్రలో పెంచిన క్యాన్సర్ కణాలు దానికి చచ్చిన మాట నిజమే. కాని గాజుపాత్రలో కణాన్ని చంపడం సారాకూ చేతనవును. మంచి కణాన్ని విడిచి చెడ్డదాన్నే చంపాలి, మనిషి ఒంట్లో చంపాలి. ఈ వామనుడు వేయవలసిన అడుగులు మూడు: గాజుపాత్ర, జంతువు, మనిషి. వేసినది ఎక్కువగా మొదటిదే. నిమ్మగడ్డి, లవంగ తైలాల నానో ఎమల్షన్ ఏదీ నేటివరకు క్యాన్సర్ మందుగా ఆమోదం పొందలేదు.

మొక్కల మీద నాకు చిన్నచూపు లేదు. మన పెరటి బిళ్ళగన్నేరు నుండి కెనడాలో నోబుల్, బీర్ అనువారు విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేసినట్లు 1958లో వెల్లడించారు. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో ఆమోదం పొంది, నేటికీ పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడుకలో ఉంది. మోతాదును సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. మూడడుగులూ వేసింది గనుకనే అది మందయింది. ఆ ఆకునే ఊరికే నమిలితే విషం.

మా కౌడిపల్లి నుండి నర్సాపూర్ మీదుగా హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికి పోవాలంటే బస్సు ఛార్జీ కావాలి, తోడు మనిషి కావాలి, ఇద్దరి కూలీ పోతుంది. అటువంటి రోగికి సీసాలోని తైలమే చాలునని అచ్చ తెలుగులో చదివి వినిపిస్తే ఏమవుతుంది? బస్సెక్కడం మానుకుంటాడు. నెలలు గడిచి మళ్ళీ ఎక్కేసరికి వ్యాధి ముదురుతుంది. మూలవ్యాసంలో ‘కావచ్చు’ అన్నది అనువాదంలో ‘అవుతుంది’గా మారితే అంత పని జరుగుతుంది.

కనుక ఇటువంటి సంగతులు రాసే మిత్రులకు నాది ఒకే విన్నపం. ఫలితం కనబడినది గాజుపాత్రలోనా, ఎలుకలోనా, మనిషిలోనా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పండి. తక్కిన వర్ణన తరువాత చేసుకోవచ్చు.