ఊరు నీళ్లలో, చర్చి గుట్ట మీద

దిగడమే కదా, ఎంతసేపులే అనుకున్నాను. అరగంటకి మోకాళ్లు వణకడం మొదలైంది.

స్పెయిన్‌కి వాయవ్య మూలన గలీసియా అనే ప్రాంతం ఉంది. అక్కడ దియోమోందీ అని ఓ చిన్న పల్లె, పల్లెలో 1170 నాటి రాతి చర్చి. చర్చి దగ్గర్నుంచి ఒక రాళ్ల దారి మెలికలు తిరుగుతూ కిందికి, మీన్యో నది ఒడ్డున ఉన్న బెలెసార్ ఊరికి దిగుతుంది. ఈ మెలికల్ని ‘కోదోస్’ అంటారు, అంటే మోచేతులు. రోమన్ల కాలం నాటి దారి అని చెబుతారు. శాంటియాగో యాత్రకి వెళ్లేవాళ్లలో కొందరు మంచు పడే కొండల్ని తప్పించుకోవడానికి ఇటునుంచి వచ్చేవాళ్లు. అందుకే దీనికి ‘చలికాలపు దారి’ అని పేరు. షూస్ కొత్తవైతే మాత్రం ఈ దారిలో వేసుకోకండి. అనుభవంతో చెబుతున్నా.

మెలిక తిరిగినప్పుడల్లా ఒకే సీన్. కింద ఆకుపచ్చ నీళ్లు, కదలికే ఉండదు. రెండు వైపులా కొండ వాలు మీద మెట్లు మెట్లుగా ద్రాక్ష తోటలు. మధ్యలో ఎక్కడో ఓ గంట గోపురం. ఈ ప్రాంతం పేరు రిబెయిరా సాక్రా. పవిత్ర తీరం అని అర్థం చెబుతారు. వందల ఏళ్ల కిందట సన్యాసులు జనానికి దూరంగా ఈ లోయల్లోకి వచ్చి మఠాలు కట్టుకున్నారు. ద్రాక్ష పెంచారు. పూజకి వైన్ కావాలి కదా! చలికి కూడా కావాలనుకోండి.

నీళ్లలో కదలిక ఎందుకు లేదో బెలెసార్ చేరాక తెలిసింది. అది నది కాదు, రిజర్వాయర్. ఊరికి దిగువన ఒక డ్యామ్, ఎగువన ఇంకో డ్యామ్. ఎగువది దాదాపు 130 మీటర్ల ఎత్తు, 1963లో పూర్తయింది. కరెంటు కోసం కట్టారు. రీల్స్‌లో మనం చూసి ‘వావ్’ అనే ఆ ప్రశాంతమైన పచ్చటి నీరంతా 1950ల్లో, 60ల్లో వచ్చిందే. అంతకుముందు అక్కడ ఉరుకులు పరుగులుగా పారే నది ఉండేది.

ఈ చుట్టుపక్కల పల్లెల్లో చర్చిలు చాలావరకు తాళం వేసే ఉంటాయి. తాళంచెవి పక్కింటి ముసలావిడ దగ్గరుంటుంది. తలుపు కొట్టి అడగాలి, అదే పద్ధతి. నేను అడిగిన చోట ఎనభై దాటిన అవ్వ ఒకావిడ ఏప్రన్ జేబులోంచి జానెడు ఇనుప తాళంచెవి తీసి ముందు నడిచింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు గలీసియన్ రాదు. ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టి మధ్యలో పట్టుకున్నాను. చర్చి చూపించడం అయ్యాక నీళ్ల వైపు చెయ్యి చాపి ఏదో చెప్పింది. స్క్రీన్ మీద పడిన వాక్యం ఇదీ: ‘మంచి ద్రాక్ష అంతా కిందే ఉండేది.’

ఆ ఒక్క మాటతో నాకు కొండ మొత్తం వేరేగా కనిపించింది. నేను ఫొటోలు తీస్తున్న మెట్ల తోటలు అసలు కొండకి పైభాగం మాత్రమే. ఏటి ఒడ్డున ఉన్న కింది మెట్లు నీళ్లలో ఉన్నాయి.

మిగిలినవాటిలో పని ఎలా ఉంటుందో సెప్టెంబరు చివర్లో వెళ్తే కళ్లారా చూడొచ్చు. సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ, గోడ వెనక నాలుగు అడుగుల మట్టి, అందులో ఒకటో రెండో వరసల ద్రాక్ష. దాని పైన మళ్లీ గోడ. ఇక్కడి వాలులో ట్రాక్టరు అన్న మాటే లేదు. కాయ కోసి ఇరవై కిలోల పెట్టెలో వేసి భుజం మీద మోసుకుని ఎక్కుతారు. కొన్ని తోటల్లో ఒంటి పట్టా మీద పాకే చిన్న బండి ఉంటుంది, కొన్నిచోట్ల పడవలో వేసి తీసుకెళ్తారు. ఎక్కువగా పండేది మెన్సీయా అనే నల్ల ద్రాక్ష. పలకరాయి పగలంతా ఎండ తాగి రాత్రి ఆ వేడిని తీగకి ఇస్తుందట, అందుకే ఇంత కష్టమైనా ఇక్కడే పండిస్తారు. ఈ సాగుని స్పెయిన్‌లో ‘వీరోచిత వ్యవసాయం’ అంటారు. పేరు బాగుంది. కానీ వీరుల సగటు వయసు చూస్తే భయం వేస్తుంది. నాకు తోటల్లో ఎదురైనవాళ్లలో నా వయసువాళ్లు ముగ్గురో నలుగురో, వాళ్లూ కోతల కోసం సెలవు పెట్టి సిటీ నుంచి వచ్చినవాళ్లే.

గోడ ఒకచోట కూలిందంటే వెంటనే పేర్చాలి. రెండు మూడేళ్లు వదిలేస్తే ముళ్ల పొదలు కమ్మేస్తాయి. తోటతో పాటు తోటకి వెళ్లే దారీ పోతుంది. మనం ‘హైకింగ్ ట్రయల్’ అంటున్నది వాళ్లకి పొలం దారి, పెట్టె మోసే దారి, చర్చికి వెళ్లే దారి. గుర్తులు వేసిన బోర్డులు తర్వాత వచ్చాయి. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు పందిళ్ల మీద అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష వేలాడేదని మా నాన్న చెబుతుంటారు. ఆ తోటల దారులు ఇప్పుడు ఏ వెంచర్ కింద ఉన్నాయో మనకి తెలీదు. ఇక్కడ వెంచర్లు లేవు, పొదలు ఉన్నాయి, అంతే తేడా.

రెండో రోజు ఇంకో నది వైపు వెళ్లాను. దాని పేరు సిల్. కొంత దిగువన ఓస్ పెయారెస్ అనే చోట వచ్చి మీన్యోలో కలుస్తుంది. అక్కడ ఒక సామెత ఉంది, నీళ్లు సిల్‌వి, పేరు మీన్యోది అని. మన భాషలో సొమ్మొకడిది, సోకొకడిది. సిల్ మీద కూడా 1950ల్లో కట్టిన డ్యామ్ ఉంది, ఆ నీటి మీదే టూరిస్టు పడవలు తిరుగుతాయి. పడవ ఎక్కండి, కాదనను. కానీ కొన్నిచోట్ల ఐదు వందల మీటర్ల ఎత్తున నిలబడ్డ ఆ కొండల అసలు సంగతి తెలియాలంటే పరాదా ద సిల్ అనే ఊరి నుంచి నడవాల్సిందే.

ఆ ఊరి నుంచి కాస్త నడిస్తే లోయ అంచున రాతి బండలు వస్తాయి. ‘మాద్రిద్ బాల్కనీలు’ అని పేరు. మాద్రిద్ ఇక్కడికి ఐదు వందల కిలోమీటర్ల దూరం, ఎంత చూసినా కనిపించదు. మరి ఆ పేరెందుకు? ఈ ఊళ్ల మగవాళ్లు, పిల్లలతో సహా, మాద్రిద్ వీధుల్లో పల్చటి తీపి అప్పడాల్లాంటివి అమ్ముకుని బతకడానికి వెళ్లేవాళ్లు. లోయలోకి దిగి, ఏరు దాటి, అవతలి కొండెక్కి మోన్‌ఫోర్తెలో రైలు పట్టుకోవాలి. ఇంట్లోవాళ్లు ఈ బండల మీద నిలబడి, అవతలి గట్టున మనిషి చుక్కంత అయ్యేదాకా చూసేవాళ్లట. జగిత్యాల బస్టాండులో గల్ఫ్ వెళ్లేవాళ్లని సాగనంపే కుటుంబాల్ని చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

అక్కడి నుంచి చెస్ట్‌నట్ అడవిలోకి దిగితే సాంతా క్రిస్తీనా మఠం. చెట్ల మధ్య ఒక్కసారిగా గోపురం బయటపడుతుంది. చుట్టూ ఊరు లేదు, దుకాణం లేదు, సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దింపుకోండి. నీళ్లు రెండు లీటర్లు తక్కువ కాకుండా ఉండాలి. బస్సులు చాలా తక్కువ, కాబట్టి నలుగురు కలిసి కారు తీసుకోవడం మేలు. సాంతో ఎస్తెవో మఠం ఇప్పుడు హోటల్ అయింది, అందంగా ఉంది, కాఫీ తాగి వచ్చేశాను. టైముంటే సాన్ పెద్రో ద రోకాస్ మాత్రం వదలకండి. నదికి కాస్త దూరం, కానీ కొండరాయినే తొలిచి చేసిన చర్చి అది. 573 అని తేదీ ఉన్న శాసనం అక్కడ దొరికింది. నేల మీద మనిషి ఆకారంలో చెక్కిన సమాధులు ఖాళీగా ఉంటాయి. వాననీళ్లు నిలిచి ఆకాశం కనిపిస్తుంటుంది.

మూడో రోజు మళ్లీ మీన్యో దగ్గరికే, ఆ పెద్ద డ్యామ్‌కి ఎగువన ఉన్న పోర్తోమరీన్‌కి. శాంటియాగో యాత్రలో బాగా రద్దీగా ఉండే దారి ఈ ఊరి మీదుగానే పోతుంది. సర్టిఫికెట్ కావాలంటే కనీసం వంద కిలోమీటర్లు నడవాలి కాబట్టి చాలామంది సర్రియా అనే ఊళ్లో మొదలెట్టి మొదటి సాయంత్రానికి కాళ్లీడ్చుకుంటూ ఇక్కడికి చేరతారు. ఎదురుగా ఎత్తైన రాతి మెట్లు. వాటిని చూసి అందరూ తిట్టుకుంటారు, నేనూ తిట్టుకున్నాను. ఆ మెట్లు నిలబడింది పాత వంతెన తాలూకు ఒక ఆర్చి మీద. మిగతా పాత ఊరు డ్యామ్ నీళ్లలో ఉంది.

మునగబోయే ముందు ఊళ్లోని సాన్ నికోలాస్ చర్చిని విప్పేశారు. చర్చి అంటే చర్చిలా ఉండదు, కోటలా ఉంటుంది. రాయికో నంబరు వేసి, ఒక్కొక్కటే గుట్ట మీదికి చేర్చి, అదే వరసలో మళ్లీ పేర్చారు. దాదాపు అదే కాలంలో మనవాళ్లు నాగార్జునసాగర్ నీళ్లు రాకముందే, 1954 నుంచి 60 దాకా, లోయంతా తవ్వి ఇక్ష్వాకుల నాటి కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికీ అనుపుకీ తరలించారు. స్కూల్ టూర్‌లో లాంచీ ఎక్కి వెళ్లి చూశాం గుర్తుందా? అప్పుడు నా ధ్యాసంతా చిప్స్ ప్యాకెట్ మీదే ఉంది.

పోర్తోమరీన్ చర్చి గోడకి దగ్గరగా వెళ్లి చూడండి, రాళ్ల మీద ఆ నంబర్లు ఇప్పటికీ ఉన్నాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఇంకా బాగా కనిపిస్తాయి. వానలు లేని ఏడాది వేసవి ఆఖర్లోనో అక్టోబరులోనో వెళ్తే నీళ్లు బాగా తగ్గి, పాత వంతెన, ఇళ్ల పునాదులు, మొండి గోడలు బురదలోంచి బయటికొస్తాయి, మన సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో తేలినట్టు. నేను వెళ్లినప్పుడు సగమే తేలాయి. వంతెన మీద బ్యాక్‌ప్యాక్‌ల వాళ్లంతా ముందుకి, మెట్ల వైపు చూస్తూ నడుస్తున్నారు. చేతిలో కూరగాయల సంచి ఉన్న పెద్దాయన ఒక్కడే రెయిలింగ్ పట్టుకుని కిందికి చూస్తూ, పక్కనున్న మనవరాలికి వేలితో ఒక్కో గోడా చూపిస్తున్నాడు.