యంత్రం వినాలి

పియానో మీద స్వరం మోగించాక వాద్యకారుడు దాన్ని పట్టి ఉంచగలడు, ఆపగలడు. పెంచలేడు. సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చిన క్షణం నుంచి నాదం సన్నగిల్లుతూనే ఉంటుంది. ఎలక్ట్రానిక్ ధ్వనులు తోడైతే ఈ హద్దు చెరుగుతుంది. 1970లో మారియో డేవిడోవ్‌స్కీ రాసిన ‘సింక్రొనిజమ్స్ నం. 6’ ఆరంభంలోనే పియానో పలికిన ఒంటరి స్వరాన్ని, ముందే రికార్డు చేసిన టేపు అందుకుని పైకి లేపుతుంది. మరుసటి ఏడాది ఆ రచనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. అయితే టేపుకు చెవులు లేవు. ఈ రోజు హాల్లో ఈ విరామాన్ని కాస్త సాగదీద్దామని వాద్యకారుడికి అనిపించినా, నడుస్తున్న టేపు ఆగదు.

అదే 1970 అక్టోబరులో జర్మనీలోని డోనాయెషింగెన్‌లో కొంటార్‌స్కీ సోదరులు స్వరకర్త స్టాక్‌హౌజెన్ ‘మంత్ర’ను తొలిసారి వాయించారు. రెండు పియానోలు, ఒక్కోదానికి ఒక రింగ్ మాడ్యులేటర్. మైకు అందుకున్న పియానో ధ్వనినీ, వాద్యకారుడు డయల్ తిప్పి ఎంచుకున్న శుద్ధస్వరాన్నీ (ఒకే పౌనఃపున్యం ఉన్న నాదాన్నీ) తీసుకుని, ఆ రెంటి పౌనఃపున్యాల మొత్తాన్నీ తేడానూ అది వినిపిస్తుంది. పియానో 440 హెర్ట్జ్, శుద్ధస్వరం 220 అయితే 660, 220 పుడతాయి, ఇంపుగా కలుస్తాయి. పియానో పక్క మెట్టుకు, అంటే 466కు జరిగితే 686, 246 పుడతాయి. నాదం శ్రుతి చెదిరి కంచులా మోగుతుంది. గంటకు పైగా సాగే ఆ రచనకు ఈ చెదరడం, కుదరడమే ప్రాణం. వేళ్లు ఆగితే మాడ్యులేటరూ మౌనం వహిస్తుంది.

1988లో ఫిలిప్ మనూరీ పియానో రచన ‘ప్లూటాన్’ మరో అడుగు వేసింది. అందులో, ప్యారిస్‌లోని సంగీత పరిశోధన సంస్థ ఇర్కామ్‌లో మిల్లర్ పకెట్ రాసిన ‘మ్యాక్స్’ ప్రోగ్రాం, వాద్యకారుడు స్వరలిపిలో ఎక్కడున్నాడో కనిపెడుతూ వెంట నడుస్తుంది. గాయకుడి మనసెరిగి నడిచే మృదంగ విద్వాంసుడి పని అది. గట్టిగా కొట్టినా, నెమ్మదించినా, ఆ తేడాకు తగ్గట్టు స్పందిస్తుంది. మా దృష్టిలో ఈ సంగీతానికి గీటురాయి ఇదే: యంత్రం ఎన్ని వింత ధ్వనులు చేసిందన్నది కాదు, వాయించే మనిషిని ఎంతగా విన్నదన్నది.

కానీ యంత్రాలకు ఆయుష్షు తక్కువ. నూరేళ్ల నాటి పియానోను బాగు చేసి వాయించుకోవచ్చు. ‘ప్లూటాన్’ను మొదట మోసిన 4ఎక్స్ కంప్యూటర్ మాత్రం ఏనాడో మూలపడింది. తర్వాత పకెట్ ‘ప్యూర్ డేటా’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఆ రచనను అందులోకి తెచ్చారు కాబట్టి అది నిలిచింది. ‘మంత్ర’కు ఆ చిక్కు తక్కువ. మొత్తం, తేడా అన్న సూత్రం తెలిస్తే ఆ పరికరాన్ని ఏ తరమైనా మళ్లీ కట్టుకోగలదు.

రేపటి స్వరకర్తలకు మా విన్నపం ఇదే. ఫలానా పెట్టె కొనండి, ఫలానా ఫైలు తెరవండి అని రాసి వదిలేయకండి. ఏ మీట నొక్కితే ఏ ధ్వని ఎంతసేపు, ఎలా మారాలో స్వరలిపిలోనే మామూలు మాటల్లో రాయండి. ఇంకో యాభై ఏళ్లకు ఒక విద్యార్థి ఆ కాగితం చూసి, తన కాలపు యంత్రంతో మీ సంగీతాన్ని వాయించగలగాలి.