నలుగుపిండిలో ఏముంది?

మన పత్రికలో ఆడపిల్లల కోసం ఒక శీర్షిక పెడదామని ఈమధ్య విజయవాడలో జరిగిన సమావేశంలో ఒక అక్క ప్రతిపాదించారు. రకరకాల జడలు వేసుకోవడం, వంటింట్లో దొరికే వస్తువులతో ముఖానికీ జుట్టుకీ చేసుకోదగిన సంరక్షణ, ఇదీ విషయం. "ఎప్పుడూ చట్టాలూ కేసులూ అంటే పిల్లలు మన పత్రిక ముట్టుకోరు. కంపెనీల క్రీములు వద్దంటున్నాం కదా, మరి వాటి బదులు ఏం చెయ్యాలో కూడా మనమే చెప్పాలి" అన్నారామె. చాలామంది తలలూపారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంతలో భోజనాలవేళ అయి చర్చ ఆగిపోయింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆ అక్క మాటలో సగం నిజం ఉంది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన దేశపు మార్కెట్లోకి వచ్చింది. నల్లగా ఉన్న ఆడపిల్లకి ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు అని ఏళ్ళ తరబడి ఇళ్ళల్లోకొచ్చి చెప్పింది. ఐద్వా చేసిన ఆందోళన ఫలితంగా 2003లో ఆ క్రీము ప్రకటనలు కొన్ని ఆగాయి. 2020లో అమెరికాలో నల్లజాతి ప్రజల ఉద్యమం ఉధృతమయ్యాక 'ఫెయిర్' అన్న మాట తీసేసి గ్లో అండ్ లవ్లీ అని పేరు మార్చుకుంది. ఆ సంవత్సరమే, శరీరఛాయ మారుస్తామని చెప్పే ప్రకటనల్ని కూడా నిషేధించేలా 1954 నాటి మందుల ప్రకటనల చట్టాన్ని సవరించాలని కేంద్ర ప్రభుత్వం ఒక ముసాయిదా తయారుచేసింది. కంపెనీల మీద ఇంత మాట్లాడాం, ఇంకా మాట్లాడాలి కూడా.

కానీ ఒక్క సంగతి గమనించండి. 1998లో దాని పోటీ కంపెనీ ఒకటి ఫెయిరెవర్ అని ఇంకో క్రీము తెచ్చింది. అందులో ఏముందని చెప్పుకుంది? కుంకుమపువ్వూ పాలూ! కడుపుతో ఉన్న కోడలికి బిడ్డ ఎర్రగా పుడుతుందని మన అత్తగార్లు పాలల్లో కలిపి తాగించే కుంకుమపువ్వే. కంపెనీ ఆ భయాన్ని కొత్తగా పుట్టించలేదు. మన ఇంట్లో ఉన్నదాన్ని తీసుకెళ్ళి ట్యూబులో పెట్టి మనకే అమ్మింది. అలాంటప్పుడు ట్యూబు పారేసి మళ్ళీ గిన్నెలో కలుపుకుంటే మనం ఏం సాధించినట్టు?

మన కృష్ణాజిల్లా ఊళ్ళల్లో బిడ్డ పుట్టగానే అడిగే ప్రశ్నలు మీ అందరికీ తెలుసు. మొదటిది మగా ఆడా. ఆడపిల్ల అని తెలిస్తే రెండోది, రంగు ఎవరిది, తల్లిదా తండ్రిదా? నీళ్ళు పోసే ముసలమ్మ పిల్లాడికీ పిల్లకీ ఇద్దరికీ నలుగు పెడుతుంది. ముక్కూ తలా ఇద్దరికీ ఒత్తుతుంది. అంతవరకూ అది ప్రేమే, అనుభవమే, నేను కాదనను. పిల్లాడికి నడకొచ్చేసరికి నలుగు మానేస్తారు. వాడు బురదలో దొర్లొచ్చినా బకెట్టు నీళ్ళు కుమ్మరించుకుని వెళ్ళిపోతాడు. పిల్లకి మాత్రం శనగపిండీ పసుపూ మీగడా ఆగవు. చేతుల మీద నూగు పోవాలి, మెడ వెనక నలుపు పోవాలి, ఎండలోకి వెళ్ళకూడదు, వెళ్తే పెరుగు రాయాలి. ఎనిమిదేళ్ళ పిల్ల బళ్ళో కబడ్డీ ఆడొచ్చిందనుకోండి, ఎన్ని పాయింట్లొచ్చాయని ఎవరూ అడగరు. "మాడిపోయావే" అంటారు. ఆ మాట నేనూ అన్నాను, మా అమ్మాయితో. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గానీ అప్పుడు అది తల్లి చెయ్యవలసిన పని అనే అనుకున్నాను.

నలుగుపిండి ఆ పిల్లకి ఏం చెప్తోంది? నీ ఒంట్లో ఒక లోపం ఉంది, పెళ్ళిచూపుల నాటికి దాన్ని సరిచెయ్యాలి, ఆ బాధ్యత నీదీ మీ అమ్మదీ అని. చర్మం రంగు మెలనిన్ వల్ల వస్తుంది. అది ఎంత ఉండాలన్నది ప్రధానంగా తల్లిదండ్రుల నుంచి వస్తుంది. శనగపిండి జిడ్డు తీస్తుంది, పసుపు కాసేపు పచ్చగా అంటుకుంటుంది, అంతే. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి, పోవాలనుకున్న నలుపు మచ్చలై మిగులుతుంది. ఇంట్లోది కాబట్టి హాని లేదన్నది కూడా ఒట్టి నమ్మకమే. కృష్ణ దాటితే పసుపుకి పేరున్న దుగ్గిరాల మార్కెట్టుంది, మనకి మంచి పసుపు దొరకదని కాదు. అయితే మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ కొన్నిచోట్ల పసుపుకి మెరుపు రావడం కోసం సీసం ఉన్న రంగు కలుపుతున్నారని పరిశోధకులు బయటపెట్టారు. పొట్లంలో వచ్చిన పొడి ఏ కొమ్ముదో ఎవరు చెప్పగలరు?

ఇక జుట్టు. తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. "మా పిల్లకి గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడిపోతోందమ్మా, ఏం రాయమంటారు?" మందారాకు, గుంటగలగరాకు, ఉల్లిపాయ రసం, నానబెట్టిన మెంతులు, అన్నీ రాసే ఉంటారు. ఏం తింటోందని అడిగితే చెప్పలేరు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి దాదాపు 60 మందికి రక్తహీనత ఉంది. దేశానికి అన్నం పెడతామని చెప్పుకునే డెల్టా ఉన్న రాష్ట్రంలో! ఒంట్లో ఇనుము తగ్గితే జుట్టు ఊడుతుంది, ముఖం పాలిపోతుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఆ పాలిపోయిన ముఖాన్ని చూసి "ఈమధ్య పిల్ల రంగు తేలింది" అని మురిసిన ఇల్లు నాకు తెలుసు.

ఉసిరికాయని కొబ్బరినూనెలో మరిగించి పిల్ల తలకి రాస్తాం. అదే ఉసిరికాయ పప్పుతోనో ఆకుకూరతోనో కలిపి తింటే, అందులోని సి విటమిన్ వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మెంతులు రుబ్బి మాడుకి పట్టిస్తాం, మెంతికూర పప్పు చేస్తే గిన్నె ముందు నాన్నకీ అన్నకీ వెళ్తుంది. అన్నం తిన్నవెంటనే పిల్లకి టీ ఇస్తాం, ఆ టీ తిన్న ఇనుముని కూడా ఒంటికి పట్టనివ్వదు. వారానికోసారి ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళల్లో పిల్లలకి ఐరన్ మాత్ర ఇచ్చే పథకం ఉంది. నీలంరంగు మాత్ర. బళ్ళో ఇచ్చారా, మింగిందా అని కనుక్కునే తల్లి పదిమందిలో ఒకరైనా కనబడరు. లక్షలు కట్టి చేర్పించే ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలు ఆ పథకంలోకే రావు.

ఆ కాలేజీల సంగతి చెప్పకుండా విజయవాడలో ఆడపిల్ల జుట్టు గురించి మాట్లాడటం కుదరదు. మా అక్క కూతురు పదో తరగతి అయ్యాక నగరంలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేరింది. పేరు అనవసరం. తెల్లవారుజామున స్టడీ అవర్లు మొదలు, రాత్రి పదిన్నర దాకా. తలంటుకి ఆదివారం పొద్దున రెండు గంటలు. ఆ అంతస్తు అమ్మాయిలందరికీ కలిపి ఆరు పంపులు. తడి ఆరకుండానే జడ వేసుకోవడం, వాసన, పేలు, మాడంతా గోకి గోకి పుళ్ళు. రెండో నెలలో వార్డెన్ ఆమె తల్లిదండ్రులకి ఫోన్ చేసి, "పిల్లకి టైమంతా జుట్టుకే పోతోంది, కట్ చేయించండి" అంది. చేయించారు. దసరా సెలవులకి ఇంటికొచ్చిన పిల్లని చూసి నాయనమ్మ గుండెలు బాదుకుంది, "విధవలా ఇదేం అవతారమే" అని. పిల్ల ఆ రాత్రి నా పక్కన పడుకుని అడిగింది. "పిన్నీ, కత్తిరించమన్నప్పుడు ఎవరూ నన్ను అడగలేదు. ఇప్పుడు ఎందుకు కత్తిరించావని నన్నే తిడుతున్నారేంటి?"

నాయనమ్మ నోట ఆ మాట ఊరికే రాలేదు. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం చేయించారని బడిలో చదువుకుంటాం. ఆ రోజుల్లో పెళ్ళంటే తెలియని వయసు పిల్లలు కూడా భర్త పోతే జుట్టు పోగొట్టుకునేవారని చదువుకోం. పొడుగు జడ పెంచమన్నదీ, దాన్ని నున్నగా గొరిగించిందీ ఒకే సమాజం. 2019లో మెదక్‌లో ఒక బాలికల మినీ గురుకులంలో నీళ్ళకి కటకటగా ఉందని పిల్లల జుట్టు కత్తిరింపించారని పత్రికలు రాశాయి. నూటయాభైమందికి పైగా గిరిజన పిల్లలు. నీళ్ళ ట్యాంకరు కంటే కత్తెర చవక అనుకున్నారన్నమాట. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. కానీ ఆ చట్టం పద్నాలుగేళ్ళ దాకానే. ఇంటర్ పిల్లకి? తన రూపం ఎలా ఉండాలన్నది మనిషి భావప్రకటనా స్వేచ్ఛలో భాగమని 2014లో సుప్రీంకోర్టు హిజ్రాల హక్కుల కేసులో చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని ఏ అమ్మాయైనా ఏ వార్డెన్ ముందైనా నిలబడగలదా? దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా బాలికల హైస్కూల్లో 2016లో నల్లపిల్లలు నిలబడ్డారు, మా జుట్టు మా తలమీద ఎలా పెరుగుతుందో అలాగే ఉంచుకుంటాం అని. అధికారులు ఆ జుట్టు నిబంధనని పక్కన పెట్టక తప్పలేదు.

"మరి జడ మన సంస్కృతి కాదా?" అని అడిగేవాళ్ళకి ఒక మాట. తెలుగు దేశంలో జడ అంటే మన జిల్లాలోని కూచిపూడి సత్యభామ జడే. తెరమీదనుంచి జడ వేసి, నన్ను ఓడించగలిగితే దీన్ని కత్తిరించుకోండని సవాలు చేసే జడ అది. తరాల తరబడి ఆ జడ వేసుకున్నది మగవాళ్ళే. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని చూసినవాళ్ళు ఆడవాళ్ళకి కూడా ఆ ఒయ్యారం రాదని మెచ్చుకునేవారు. మెచ్చుకోవచ్చు, గొప్ప కళాకారుడు. నాకు తోచేది వేరు. ఆడదాని జడ ఎలా ఉండాలో మగవాడు ఆడి చూపించాడు. ఆడదాన్ని మాత్రం చాలాకాలం ఆ మేళంలోకే రానివ్వలేదు. ఆ సవాలు చేసే హక్కు సత్యభామకి ఉంది, మా అక్క కూతురికి లేదు.

పెద్దమనిషైన పిల్లకి చేసే ఓణీల ఫంక్షన్లు చూస్తున్నారు కదా. పన్నెండేళ్ళ పిల్లకి సవరం పెట్టి, మోకాళ్ళ దాకా పూలజడ కుట్టించి, పార్లరువాళ్ళతో ముఖానికి తెల్లగా పూయించి, ఆ ఫోటోని ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టిస్తున్నారు. ఆ సవరంలో జుట్టు ఏ గుడిలో మొక్కు తీర్చుకున్న ఆడదానిదో, స్టీలు గిన్నె కోసం చిక్కువెంట్రుకలు పోగుచేసి అమ్ముకున్న ఏ ఇల్లాలిదో. 1996లో బెంగుళూరులో ప్రపంచసుందరి పోటీలు పెడితే మనం వీధిలోకి వచ్చాం. 2025లో హైదరాబాద్‌లో పెట్టినప్పుడూ స్త్రీ సంఘాలు వ్యతిరేకించాయి. మరి మన వీధి చివర ఫ్లెక్సీ కింద భోజనం చేసి, చీర అందుకుని ఎలా వస్తున్నాం? నేనూ వచ్చాను, ఎవరినో వేలెత్తి చూపడం లేదు.

తలంటు వద్దనడం లేదు నేను. ఎండాకాలం మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చోబెట్టి అమ్మ నూనె రాసి చిక్కు తీస్తుంటే వచ్చే నిద్ర నాకూ ఇష్టం. కుంకుడుకాయ నురగ కళ్ళల్లో పడితే ఏడ్చిన ఏడుపూ ఇష్టమే, ఇప్పుడు. మగపిల్లలకి ఆ సుఖం ఎందుకు లేకుండా చేశామో కూడా ఆలోచించాలి. పిల్ల తనంతట తాను జడ వేసుకోవాలనుకుంటే, పూలు పెట్టుకోవాలనుకుంటే, రెండు రోజులకోసారి తీరు మార్చుకోవాలనుకుంటే ఎవరు కాదంటారు? రంగు కోసం, ఎదుటివాళ్ళ చూపు కోసం, ఆమెని అడక్కుండా చేసే దాని మీదే నా కోపం.

కాబట్టి అక్కా, శీర్షిక పెడదాం. మొదటి సంచికలో పేల గురించి రాద్దాం, సిగ్గులేకుండా. పేలు మురికి వల్ల రావు, తలా తలా తగిలితే ఎక్కుతాయి. అందరూ ఒకేసారి పేలదువ్వెనతో దువ్వుకుని మందు రాసుకుంటేనే పోతాయి. రెండో సంచికలో నీలం మాత్ర. ఆ తర్వాత గుండ్రపు తామరకి, చుండ్రుకి ఎప్పుడు డాక్టరు దగ్గరకి వెళ్ళాలో, మెహెందీ పేరుతో అమ్మే నల్లరంగు పొడుల్లో పిపిడి అనే రసాయనం ఎంత ప్రమాదమో రాద్దాం. 'తెల్లబడటానికి' అన్న మాట వచ్చే చిట్కా ఒక్కటి కూడా వెయ్యకూడదు, ఎంత ఇంటిదైనా సరే.

ఈలోగా సభ్యులందరికీ ఒక పని. మీ పేటలో ఆడపిల్లల హాస్టలు ఏదున్నా, సాంఘిక సంక్షేమ హాస్టలైనా కార్పొరేట్ కాలేజీదైనా, వెళ్ళి ఎన్ని స్నానాల గదులున్నాయో, ఎంతమంది పిల్లలున్నారో, తలంటుకి వారంలో ఎన్ని గంటలు ఇస్తున్నారో, కాలువలు కట్టేసే వేసవిలో నీళ్ళు ఎక్కడినుంచి తెస్తున్నారో రాసుకుని రండి. లోపలికి రానివ్వకపోతే ఆ సంగతీ రాయండి. వచ్చే సమావేశంలో ఆ కాగితాలన్నీ ముందు పెట్టుకుని కలెక్టరుగారికి ఇవ్వవలసిన వినతిపత్రం తయారుచేద్దాం. మా అక్క కూతురు కూడా వస్తానంది. ఆమె జుట్టు మెడ దాకా వచ్చింది. పెంచుకోవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదట.