సాంకేతికత ఫలితాన్ని కొలవడం: పత్తి నేర్పిన పాఠం

నూతన సాంకేతికత వల్ల దిగుబడి ఇంత శాతం పెరిగింది, రూపాయి ఖర్చుకు ఇంత రాబడి వచ్చింది అంటూ ముగిసే పరిశోధనా వ్యాసాలు కోకొల్లలు. నేనూ అటువంటివి రాశాను. అయితే ఆ పెరుగుదలలో సాంకేతికత వాటా ఎంత అన్న ప్రశ్నకు మనం తగిన స్థానం ఇవ్వలేదు.

బి.టి. పత్తినే పరిశీలిద్దాం. 2002లో దాని సాగుకు అనుమతి లభించిన నాడు దేశ సగటు దూది దిగుబడి హెక్టారుకు సుమారు 300 కిలోలు. 2007-08 నాటికి అది 550 కిలోలకు చేరింది. ఈ పెరుగుదల మొత్తాన్ని బి.టి. ఖాతాలోనే జమకట్టినవారున్నారు. కాని 2004-05లోనే దిగుబడి 450 కిలోలు మించింది. అప్పటికి అధికారిక లెక్కల ప్రకారం బి.టి. విస్తీర్ణం మొత్తం పత్తిలో పదో వంతు కూడా లేదు. గుజరాత్‌లో అనధికారికంగా విత్తినది ఆ లెక్కలకే ఎక్కలేదు. అదే కాలంలో కొత్త పురుగుమందులు వచ్చాయి, ఎరువుల వాడకం, నీటి వసతి పెరిగాయి. బి.టి. వల్ల శనగపచ్చ పురుగు బెడద తగ్గిన మాట నిజం. అయితే కలగలిసిన కారణాలను విడదీయకుండా ఒకదానికే ఘనత కట్టబెట్టడం శాస్త్రం కాదు.

రెండవది కాలం. బి.టి. 90 శాతం దాటి విస్తరించిన తరువాత దిగుబడి పెరగకపోగా 500 కిలోల దిగువకు జారింది. గులాబీ రంగు పురుగు బి.టి. విషాన్ని తట్టుకునే శక్తి సంతరించుకుంది. తొలి మూడేళ్ల సగటు పదిహేనో ఏటికి వర్తించదు.

మూడవది కొలమానం. ఎకరా దిగుబడి ఒక్కటే ఉత్పాదకత కాదు. దిగుబడితో పాటు పత్తి తీత కూలీ పెరుగుతుంది. కౌలు, వడ్డీ, కుటుంబ శ్రమ లెక్కలోకి రాకుంటే కాగితం మీది లాభం రైతు ఇంట్లో కనిపించదు.

నేడు డ్రోన్ పిచికారీ విషయంలో అదే తొందర కనిపిస్తున్నది. నిమిషాల్లో ఎకరా పూర్తవుతుందన్నది వేగానికి కొలత. ఆదా అయిన శ్రమ మరో పనికి ఉపయోగపడిందా, పురుగు అదుపైందా, అద్దె పోగా మిగిలిందెంత అన్నవి తేలితేనే అది ఉత్పాదకత.

కనుక ప్రదర్శనా క్షేత్రాలకు చురుకైన రైతులనే ఎంపిక చేసే అలవాటు మానుకోవాలి. ఒకే గ్రామంలో, ఒకే రకం నేలల్లో, చీటీ పద్ధతిన ఎంపికైన రైతుల పొలాలను కొత్త పద్ధతి లేని పొలాలతో కనీసం ఐదేళ్లు పోల్చాలి. విఫలమైన ఫలితాలనూ ప్రచురించాలి. మన వ్యాసంలోని ఒక్క శాతాన్ని నమ్మి వర్షాధార రైతు అప్పు చేస్తాడు. ఆ అంకె తప్పయితే నష్టపోయేది అతడే.