మన డాబా మీద ఒక వెదురు బొంగు నిలబెడదాం



వార్షికోత్సవ సంచిక అంటే జ్ఞాపకాలు రాయడం ఆనవాయితీ. అవి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఈసారి ఒక ప్రతిపాదన చేయదలచుకున్నాను. మన హాస్టల్‌లో ఒక అమెచ్యూర్ రేడియో క్లబ్ పెట్టుకోవాలి. మన డాబా మీద ఒక మల్టీబ్యాండ్ వర్టికల్ యాంటెన్నా, అంటే ఒకే కర్ర మీద నాలుగైదు బ్యాండ్లలో పనిచేసే నిలువు యాంటెన్నా నిలబెట్టుకోవాలి. ఈ మాట ఒకరిద్దరు పెద్దల చెవిన వేస్తే వచ్చిన మొదటి జవాబు, "జాగా ఎక్కడుందయ్యా?" అని. ఈ వ్యాసం ఆ ప్రశ్నకే సమాధానం.

అమెచ్యూర్ రేడియో అంటే ఏమిటో తెలియని చిన్న తమ్ముళ్ళ కోసం రెండు ముక్కలు. దీన్నే హ్యామ్ రేడియో అంటారు. కేంద్ర ప్రభుత్వ టెలికం శాఖ పెట్టే పరీక్ష పాసై, లైసెన్స్, కాల్‌సైన్ తీసుకుని, సొంత స్టేషన్ నుంచి ప్రపంచంలోని ఇతర హ్యామ్‌లతో మాట్లాడడం. డబ్బు సంపాదన కోసం దీన్ని వాడకూడదు. నేర్చుకోవడానికి, ప్రయోగాలకు, ఆపద సమయంలో సాయానికి వాడాలి. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా హ్యామే. ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. పరీక్షకు 12 ఏళ్ళు నిండితే చాలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్, జనరల్ గ్రేడ్ అని రెండు స్థాయిలున్నాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. మన ఎనిమిదో తరగతి పిల్లలు రాయగలిగిన పరీక్ష ఇది.

ఇక జాగా సంగతి. హ్యామ్ రేడియో పుస్తకాల్లో బొమ్మలు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. విశాలమైన పెరడు, అందులో ఇనుప టవర్, దాని మీద గుండ్రంగా తిరిగే పెద్ద బీమ్ యాంటెన్నా. 20 మీటర్ల బ్యాండ్‌కు కట్టే బీమ్‌లో ఒక్కో గొట్టమే దాదాపు 10 మీటర్లుంటుంది. సొంత ఇల్లు, సొంత స్థలం ఉన్నవాళ్ళ యవ్వారం అది. తాతముత్తాతల నుంచి సెంటు భూమి లేనివాళ్ళు ఆ బొమ్మ చూసి, "ఇది మన కోసం కాదు" అని పుస్తకం మూసేస్తారు. నా బాధ అక్కడే. మనం వదిలేసుకున్న చదువులు, పనులు ఎన్నో ఇలా మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోయాయి.

నిలువు యాంటెన్నా లెక్క వేరు. ఫిజిక్స్ పాఠంలో చదివిందే. 300ను మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. అందులో నాలుగో వంతు పొడవున్న తీగను నిటారుగా నిలబెడితే, కింద సరైన ఏర్పాటు ఉంటే, అదే యాంటెన్నా. 14 మెగాహెర్ట్జ్‌కు సుమారు 5 మీటర్లు, 21కి దాదాపు 3.4 మీటర్లు, 28కి రెండున్నర మీటర్లు. ఈ మూడు తీగలనూ ఒకే వెదురు బొంగుకు కొద్దికొద్ది ఎడంగా కట్టి, కింది కొసలు ఒకేచోట కలిపి, అక్కడికి ఒకే కేబుల్ తెస్తే మూడు బ్యాండ్లు పలుకుతాయి. ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడితే ఆ పొడవు తీగే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. మిగతావి దాదాపు ఊరకుంటాయి.

కొనుక్కునే రకాల్లో తీగలకు బదులు అల్యూమినియం గొట్టం ఉంటుంది. దాని మధ్య మధ్య "ట్రాప్"లు ఉంటాయి. ట్రాప్ అంటే ఒక కాయిల్, ఒక కెపాసిటర్ పక్కపక్కనే కలిపిన చిన్న అమరిక. తన ఫ్రీక్వెన్సీ వచ్చినప్పుడు తలుపు మూసేసి పై గొట్టాన్ని విడదీస్తుంది. అంతకన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ వస్తే తలుపు తీసి పై వరకూ పోనిస్తుంది. హస్లర్ 4బీటీవీ అనే పాత, పేరున్న మోడల్ ఈ పద్ధతిలోనే 10, 15, 20, 40 మీటర్ల బ్యాండ్లు నాలుగింటినీ సుమారు ఆరున్నర మీటర్ల ఎత్తులో ఇముడ్చుకుంది. నేల మీద అది ఆక్రమించే చోటు ఒక ట్రంకు పెట్టెకు పట్టేంత కూడా ఉండదు.

అయితే ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కర్ర నిలబెట్టాం, పని అయిపోయింది అనుకుంటారు. నిలువు యాంటెన్నాకు కంటికి కనిపించే భాగం సగమే. రెండో సగం కింద ఉంటుంది. దాన్ని రేడియల్ తీగలు అంటారు. పైకి ఎంత కరెంటు పోతుందో కిందినుంచి అంత కరెంటు తిరిగి రావాలి. ఆ దారి సరిగా లేకపోతే మన పవర్ మట్టిని వేడి చేయడానికి ఖర్చవుతుంది. పావు తరంగం నిలువు యాంటెన్నా రేడియేషన్ నిరోధం 36 ఓములకు దగ్గరగా ఉంటుంది. నేలలో నష్టం కూడా 36 ఓములే ఉందనుకోండి, 100 వాట్లు పంపితే 50 వాట్లే గాలిలోకి వెళతాయి. బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ అనే ముగ్గురు ఇంజినీర్లు 1937లోనే కొలిచి చూపించిన విషయం ఇది. నేల మీద పరిచే రేడియల్స్ ఎన్ని ఎక్కువైతే నష్టం అంత తగ్గుతుంది.

కనిపించే కర్రకు దండం పెట్టి, కనిపించని తీగలను మరిచిపోవడం మన సమాజానికి కొత్త కాదు. చదువుకుని పైకొచ్చిన మనం ఆ కర్ర అయితే, కూలికి పోయి మనల్ని ఇక్కడికి పంపిన అమ్మానాన్నలు ఆ రేడియల్స్. అందుకే ఈ పాఠం మన పిల్లలకు ఇట్టే అర్థమవుతుందని నా నమ్మకం.

డాబా మీద మనకొక సౌలభ్యం ఉంది. యాంటెన్నా అడుగు భాగాన్ని డాబా నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉంచితే నేల మీద పరిచినట్టు డజన్లకొద్దీ రేడియల్స్ అవసరం లేదు. బ్యాండుకు రెండు చొప్పున, సరైన పొడవున, ఎదురెదురుగా వాలుగా పిట్టగోడ వైపు లాగితే పని జరుగుతుంది. ఇలా వాలుగా దించడం వల్ల నిరోధం కూడా 50 ఓముల కేబుల్‌కు దగ్గర పడుతుంది. లెక్క కట్టండి. మూడు నిలువు తీగలు, ఆరు రేడియల్స్ కలిపి సుమారు 33 మీటర్ల రాగి తీగ. ఇంటి వైరింగ్‌కు వాడేదే సరిపోతుంది. 7 మీటర్ల వెదురు బొంగు ఒకటి. దాన్ని వాటర్ ట్యాంకు దిమ్మెకు గట్టిగా కట్టాలి. మూడు వైపులా నైలాన్ తాళ్ళు లాగాలి. 10 మీటర్ల పొడవు డాబా ఉంటే చాలు. అంత లేకపోతే రేడియల్ కొసలు వంచుకోవచ్చు. బట్టలారేసుకునే మూల బట్టలకే ఉంటుంది, ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

నిలువు యాంటెన్నా లోపాలు కూడా చెప్పకపోతే అన్యాయం. అది అన్ని దిక్కులకూ సమానంగా అన్యాయం చేస్తుందని హ్యామ్‌లలో ఒక ఛలోక్తి ఉంది. బీమ్ లాగా ఒకే దిక్కుకు శక్తిని పోగుచేయలేదు. చుట్టుపక్కల ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు చేసే గరగర శబ్దాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, దాని తరంగాలు నేలకు దగ్గరి కోణంలో బయలుదేరతాయి. కనుక జపాన్, యూరప్ లాంటి దూరదేశాలకు చక్కగా పనిచేస్తుంది కానీ, రెండు మూడు వందల కిలోమీటర్ల లోపు పక్క జిల్లాలకు బలహీనం. తుఫాను వేళ పక్క జిల్లాతోనే కదా పని! అందుకు 40 మీటర్ల బ్యాండ్‌కు ఒక తీగ యాంటెన్నా వేరే ఉండాలి. మొత్తం 20 మీటర్ల తీగను మధ్యలో అదే బొంగు తలకు కట్టి, రెండు చేతులు తలకిందులైన 'వీ' లాగా డాబా మూలలకు, అవసరమైతే ఆవరణలోని చెట్టుకు లాగితే సరిపోతుంది. రెండూ దగ్గరగా ఉంటాయి కనుక పొడవులు కొంత సర్దుకోవాలి. మొత్తం మీద ఒకే బొంగు, దూరానికొకటి, దగ్గరికొకటి.

"సెల్‌ఫోన్ల కాలంలో ఇదెందుకు?" అని అడిగేవాళ్ళకు రెండు తేదీలు గుర్తుచేస్తాను. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్ళి, ఒక హోటల్ నుంచి ప్రపంచ హ్యామ్‌లతో మాట్లాడుతోంది. డిసెంబర్ 26న సునామీ వచ్చింది. అప్పటిదాకా సరదాకు పలికిన ఆ రేడియోలే సహాయ సందేశాలు మోశాయి. రెండోది 2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టిన రోజు. అంత పెద్ద నగరంలో ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజు పనికొచ్చేవాడు ఆ రోజు పుట్టడు. మామూలు రోజుల్లో సరదాకు నేర్చుకున్నవాడే ఆ రోజు అక్కరకొస్తాడు.

ఇక అన్నిటికన్నా పదునైన ప్రశ్న. "బాత్‌రూమ్‌కు సరైన తలుపు లేని హాస్టళ్ళున్నాయి. వాటికి రేడియో కావాలా?" అని. ఈ ప్రశ్న అడిగేవారిలో మన మేలు కోరేవాళ్ళూ ఉన్నారు, కనుక గౌరవంతోనే జవాబిస్తాను. తలుపు మన హక్కు. దాన్ని ప్రభుత్వాన్ని అడిగి, పోట్లాడి సాధించుకోవాలి. కానీ తలుపు వచ్చేదాకా ఆకాశం వైపు చూడకూడదనే షరతు మాకే ఎందుకు? పేదవాడి పిల్లలకు ముందు అన్నం, తర్వాత బట్ట, ఆ తర్వాత చూద్దాం అనే వరుస ఎవరు పెట్టారో గానీ, ఆ "తర్వాత" ఎన్నడూ రాలేదు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. అన్ని వసతులూ సమకూరేదాకా ఆగి ఉంటే ఆ అమ్మాయి ఇంకా కిందే ఉండేది.

మరో మాట. మన పిల్లలు ఇంజినీరింగ్‌లో ఎలక్ట్రానిక్స్ సీటు తెచ్చుకుంటున్నారు. కానీ సోల్డరింగ్ ఐరన్ చేత్తో పట్టుకోవడం చాలామందికి అక్కడే మొదటిసారి. ఇంట్లో పనిముట్లున్న పిల్లవాడు ముందుకు తోసుకొస్తే, మనవాడు వెనక నిలబడి రికార్డు రాసుకుంటాడు. ఇంగ్లీషులో నోరు తెరవడానికి జంకుతాడు. రేడియోలో రోజూ నాలుగు మాటలు మాట్లాడితే ఆ జంకు పోతుంది. గాలిలో ముందు చెప్పుకునేది కాల్‌సైన్. తర్వాత సిగ్నల్ ఎలా ఉంది, పేరేమిటి, ఊరేది, ఏ యాంటెన్నా అని అడుగుతారు. నేను అద్దె ఇంటి మేడ మీద కట్టిన ఇలాంటి బొంగుతోనే మాట్లాడుతున్నాను. యజమానిని ఒప్పించడానికి ఆర్నెల్లు పట్టింది, అది వేరే కథ. "వెదురు బొంగు, రాగి తీగ" అని చెబితే అవతలివాళ్ళు నవ్వలేదు, పొడవులు అడిగి రాసుకున్నారు. మన చేతిపనికి అంత మర్యాద దొరికే చోటుకు మన పిల్లలు వెళ్ళాలి.

జాగ్రత్తలు మాత్రం కచ్చితంగా పాటించాలి. కరెంటు లైన్లకు బొంగు పడినా తగలనంత దూరం ఉండాలి. ఉరుము వినిపిస్తే కేబుల్ ఊడదీసి గది బయట వదిలేయాలి. అసలు వానాకాలంలో వాడనప్పుడు ఊడదీసి ఉంచడమే అలవాటు కావాలి. ప్రసారం జరిగేటప్పుడు ఎవరూ తీగ ముట్టుకోకూడదు. పెద్దవాళ్ళు లేకుండా పిల్లలు డాబా ఎక్కకూడదు. లైసెన్స్ లేకుండా మాట్లాడడం నేరం, వినడంతో మొదలుపెట్టాలి. క్లబ్ స్టేషన్‌కూ లైసెన్స్ ఉంటుంది, దానికి బాధ్యత వహించే లైసెన్సుదారు ఒకరు కావాలి.

ఖర్చు గురించి దాపరికం వద్దు. బొంగు, తీగ, తాళ్ళు ఒకరిద్దరు భరించగలిగినవే. హెచ్ఎఫ్ రేడియో సెట్టు మాత్రం పదివేలల్లో మాట. ఒకరి వల్ల కాదు, పూర్వ విద్యార్థులందరం కలిస్తే అవుతుంది. ఏటా వార్షికోత్సవానికి షామియానా, శాలువాలు, మెమెంటోలకు చందాలు వేసుకుంటున్నాం. ఒక్క ఏడాది శాలువాలు మానేద్దాం. మొదటి ఏడాది ఒక షార్ట్‌వేవ్ రిసీవర్, యాంటెన్నా, పరీక్ష పుస్తకాలు. ఆదివారాలు వచ్చి పాఠం చెప్పే బాధ్యత నాది. రెండో ఏడాది లైసెన్స్, సెట్టు.

వార్డెన్ గారికి, పూర్వ విద్యార్థుల కమిటీకి నా విన్నపం ఒక్కటే. ఈ సంచిక చదివాక కమిటీ సమావేశంలో ఈ ప్రతిపాదనను ఓటుకు పెట్టండి. వద్దంటే కారణం చెప్పండి, వింటాను. జాగా లేదని మాత్రం చెప్పకండి. టేపు పట్టుకుని డాబా కొలిచి వచ్చే రాస్తున్నాను. పొడవు 14 మీటర్లు.