హెచ్చరిక సీసా మీద, సీసా పిల్లల చేతిలో

బడి పక్క కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో ఉండే ఎనర్జీ డ్రింకు సీసాను వెనక్కి తిప్పితే సన్నటి అక్షరాల్లో ఓ హెచ్చరిక కనిపిస్తుంది. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కెఫీన్ పడనివారు తాగడం మంచిది కాదని, రోజుకు 500 మిల్లీలీటర్లు మించొద్దని. లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండే పానీయాలకు భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెట్టిన నిబంధన ఇది. ఆ హెచ్చరిక ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటే సరిపోతుంది. తెలుగులోనూ ఉండాలని నిబంధన అడగదు. కొనడానికి వచ్చింది ఎనిమిదో తరగతి పిల్లవాడైతే అమ్మకూడదనీ అనదు. పిల్లలకు తగదని ప్రభుత్వమే తేల్చిన వస్తువు విషయంలో జాగ్రత్తపడే బాధ్యతను ఆ పిల్లల మీదే వదిలేశాం. ఇది తప్పు. 18 ఏళ్లలోపు వారికి వీటి అమ్మకాన్ని చట్టంతోనే ఆపాలి.

ఆ సీసా మీది పరిమితిని ఒకసారి లెక్కకట్టి చూడండి. పిల్లలు, కౌమారుల విషయంలో రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల వరకు కెఫీన్‌తో భయం లేదని యూరప్ ఆహార భద్రత సంస్థ 2015లో చెప్పింది. 45 కిలోల పిల్లకు అది 135 మిల్లీగ్రాములు. మన నిబంధన ప్రకారం 250 మిల్లీలీటర్ల సీసాలో 75 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. అలాంటివి రెండు తాగితే 150. అంటే సీసా మీద రాసిన 500 మిల్లీలీటర్ల హద్దుకు లోబడే ఆ పిల్ల తన హద్దు దాటేస్తుంది. ఇంట్లో తాగిన టీ, కాఫీ, మధ్యాహ్నం తాగిన కోలా ఇందులో కలపనేలేదు. ఆ 500 పెద్దల ఒంటికి సరిపోయే లెక్క.

పరీక్షలున్నాయి, మేలుకోవాలి కదా అంటారు. ఇంటర్, జేఈఈ, నీట్ అంటూ పిల్లల మీద మనం పెట్టిన బరువు తెలిసినవారెవరూ ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేరు. కానీ కెఫీన్ కొత్తగా శక్తినేమీ ఇవ్వదు. అలసటను మెదడుకు తెలియజేసే అడినోసిన్ అనే పదార్థం పని చేయకుండా అడ్డుపడుతుందంతే. అలసట అలాగే ఉంటుంది, తెలియదు. పైగా తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి ఎనిమిదింటికి తాగితే ఒంటిగంటకు కూడా సగం మిగిలే ఉంటుంది. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. పగలు చదివింది మనసులో నాటుకోవడానికి ఆ నిద్రే ఆధారం. చదువు కోసమని నిద్రను చెడగొడితే దెబ్బతినేది చదువే.

ఇంకొకరు, మన ఇళ్లలో పిల్లలు టీ, కాఫీలు తాగడం లేదా అని అడుగుతారు. నిజమే, చిక్కటి ఫిల్టర్ కాఫీ గ్లాసులో ఇంతే కెఫీన్ ఉండొచ్చు. అదీ పిల్లలకు మంచిదని నేననను. అయితే కాఫీ వేడిగా, చేదుగా ఉంటుంది, నెమ్మదిగా తాగాలి. ఎంత డికాక్షన్, ఎన్ని పాలు అన్నది ఇంట్లో పెద్దవాళ్లు చూసుకుంటారు. ఈ డ్రింకు చల్లగా, తియ్యగా ఉంటుంది, ఒక్క గుక్కలో ఖాళీ అవుతుంది. ప్రకటనలేమో దాన్ని వేగానికీ, సాహసానికీ ముడిపెడతాయి. ఆ ఆకర్షణ లాగేది కుర్రవయసునే. తల్లిదండ్రులు చూసుకోవాలన్న మాటా ఇక్కడ నిలవదు. హాస్టల్లో ఉన్న పిల్లవాడు ఏం కొంటున్నాడో ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఎలా తెలుస్తుంది?

ఇలా అమ్మకం ఆపడం సాధ్యం కానిదేమీ కాదు. లిథువేనియా 2014లో, లాత్వియా 2016లో, పోలండ్ 2024 జనవరి నుంచి 18 ఏళ్లలోపు వారికి వీటి అమ్మకం ఆపేశాయి. పోలండ్ గీత గీసింది లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర, దాదాపు మన నిబంధన మొదలయ్యే చోటే. మన దగ్గర 2025 సెప్టెంబరు నుంచి కెఫీన్ పానీయాల మీద జీఎస్టీ 40 శాతం. సీసా ధర పెంచడానికి పన్ను పనికొస్తుందేమో గానీ కొనేవారి వయసు అడగడానికి పనికిరాదు. చిన్న కొట్టువాళ్లు వయసు ఎలా తేల్చుకుంటారన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ పొగాకు విషయంలో 2003 చట్టం వాళ్లకు ఆ బాధ్యత ఇప్పటికే అప్పగించింది. 18 ఏళ్లలోపు వారికి అమ్మబోమన్న బోర్డూ పెట్టమంది. అది అన్నిచోట్లా అమలు కావడం లేదు, ఒప్పుకుంటాను. అయినా యూనిఫాంలో వచ్చిన పిల్లను చూసి వద్దని చెప్పడానికి కొట్టు యజమానికి చట్టం అండ ఉండాలి.

కొట్టునొక్కదాన్నే కట్టడి చేసి ఊరుకుంటే మాత్రం ఈ పని సగంలోనే ఆగిపోతుంది. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున ఐదింటికే లేపే గంట ఉన్న హాస్టల్లో సీసా దొరక్కపోతే ఫ్లాస్కులో కాఫీ వస్తుంది. ఇంటర్ బోర్డు అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు గదులు, గ్రౌండు చూడటంతో పాటు టైంటేబుల్ తెప్పించుకుని, స్టడీ అవర్ ముగింపుకూ పొద్దున లేపే గంటకూ మధ్య పిల్లలకు ఎన్ని గంటల నిద్ర మిగిలిందో రాసుకుని రావాలి.